మూడు రోజుల ఓడ, రెండు గంటల విమానం

తగరపువలసలో బస్సెక్కి, విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, మరో బస్సు పట్టుకుని వరహాలు విమానాశ్రయం చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లోనే అతని చెల్లెలు గౌరీశ్వరి పోర్ట్‌బ్లెయిర్ నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చేస్తోంది. ఎల్లుండి సింహాచలంలో ఆమె కూతురు ధనశ్రీ పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావలసిన మేనమామ వరహాలే. చెల్లెలు మోయనిస్తుందా అన్నదే అతని గుబులు. ఫోన్ చేసి పిలిచింది కూడా ధనశ్రీయే. చెల్లెలు మాట్లాడలేదు.

తొమ్మిదేళ్ల కిందట భర్త పోయిన పొద్దున్న గౌరీశ్వరి ఫోన్ చేసింది. వరహాలు అప్పుడు పోర్టులో క్రేన్ డ్రైవరు. అండమాన్ ఓడ ఏ రోజు కదులుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

"గురువారం గానీ ఓడ లేదు గౌరీ. ఎక్కినా మూడ్రోజులు. నాను వొచ్చీసరికి ఏటుంటాది సూడ్డానికి?" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

అబద్ధమాడాడా అంటే లేదు పాపం. అండమాన్ అంటే ఓడ, ఓడంటే మూడు రోజులు. తన క్రేన్ మీదుగా విమానాలు పోతూనే ఉన్నా, అవి తనలాంటివాడు ఎక్కేవని అతని బుర్రకు తట్టలేదు. నెల తర్వాత పోర్టు క్యాంటీన్‌లో ఎవరో అన్నారు, "విమానమైతే రెండు గంటలే బావా" అని. తుంచిన ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ సిగ్గుతో చెల్లెలికి ఫోన్ చేయలేకపోయాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ తొమ్మిదేళ్లు గడిపేశాడు, వెర్రిబాగులవాడు.

గాజు తలుపుల్లోంచి తల్లీకూతుళ్లు బయటికొచ్చారు. గౌరీశ్వరి జుట్టు సగం నెరిసిపోయింది. వరహాలు దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నాకు తెల్దు గౌరీ. ఓడొక్కటే దారనుకున్నాను. తెలిసేక నీకు మొకం సూపించలేకపోనాను" అన్నాడు.

గౌరీశ్వరి పెట్టెను ఒక చేతిలోంచి మరో చేతికి మార్చుకుంది. "ఆ రోజు నాకు మాత్రం తెలుసేటి? నానూ ఓడనే అనుకున్నాను. ఇమానం ఎక్కడం నాకూ ఇదే మొదలు. నువ్వు రానేదని నాకెప్పుడూ కోపం నేదు."

వరహాలుకు గుండెల మీద బరువు దిగినట్టయింది. కానీ ఆమె ఇంకా ముగించలేదు.

"ఫోనుకి ఎన్ని గంటలు పడతాదన్నియ్యా?"

వరహాలు తల వంచుకుని ఆమె పెట్టె అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"ఒగ్గీ. నడుం పట్టేస్తాది. ఎల్లుండి దీన్ని మొయ్యాల నువ్వు" అంది, కూతుర్ని చూపిస్తూ.

ముప్పై ఏళ్లు టన్నుల కొద్దీ సరుకు ఎత్తిన వరహాలు, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాడు.