నాలుగో గడిలో ఏడు

"ఐదు వందల పంతొమ్మిది పాయింట్ మూడు," అని నబుకెన్య పుస్తకం అట్ట అంచు మీది నంబరు చదివింది. లుబ్వామా దాన్ని అందుకుని అరలోకి తోశాడు.

ఆమె చదవాలి, ఆయన సర్దాలి. కంపాలాలో కొండమీది ఆ యూనివర్సిటీ లైబ్రరీలో అటెండర్లు జంటగానే పనిచేస్తారు. లుబ్వామా పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అదే. పొడుగు మనిషి. వంగీ లేచీ నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. వేళ్ళ సందుల్లో పుస్తకాల దుమ్ము ఎంత రుద్దినా వదలదు. మధ్యాహ్నమయ్యేసరికి పాదాలు పొంగి బూట్లు పట్టవు. డిగ్రీ ఉంటే కౌంటర్ దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తారు. కూర్చోవడం! ఆ కుర్చీ కోసమే పాపం నలభై మూడో ఏట సాయంత్రం క్లాసుల్లో చేరాడు. అదే ఏడు నబుకెన్య కూడా చేరింది. ఆమెకి ఇప్పుడు ఇరవై ఆరు, ఆయనకి నలభై ఏడు.

అన్నీ గట్టెక్కాయి, గేమ్ థియరీ ఒక్కటే ఆయన పీకల మీదికొచ్చింది. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే లెక్కేసుకుని మన ఎత్తు మనం వేసుకోవడం ఆ చదువు. ఆయన అందులో రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు.

"పదింటికి పిలుపు గుర్తుందా బాబాయ్? కాళ్ళు వణుకుతున్నాయా?" అంది నబుకెన్య.

"వణకడానికి మనమేం దొంగతనం చేశామా?"

"ఇద్దరం కలిసి ఒకే తప్పు చేశాం. దొంగలైతే కాస్త తెలివిగా చేసుండేవాళ్ళు!"

నిజమే. ఎవరి లెక్కలు వాళ్ళే చేసి తెమ్మన్నారు. వీళ్ళు పుస్తకాలు సర్దే అలవాటు కొద్దీ, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు రాస్తూ, మళ్ళీ తిప్పి చదువుకుంటూ చేశారు. చివరి పట్టికలో నాలుగో గడిలో నాలుగు ఉండాల్సిన చోట ఇద్దరి కాగితాల్లోనూ ఏడు పడింది. క్లాసు మొత్తంలో ఇంకెవరికీ ఆ ఏడు లేదు.

ఆ పాఠం చెప్పే డాక్టర్ తుముసీమే మెతక మనిషి కాదు. విడివిడిగా పిలుస్తానన్నాడు. కలిసి చేశామని ఒప్పుకుంటే ఇద్దరికీ సున్నా. ఒకరు రెండోవారి కాగితం చూసి రాశారని తేలితే, రాసినవాళ్ళకి చదువూ ఉద్యోగమూ రెండూ పోతాయి, రెండోవారికి మార్కులు నిలుస్తాయి. సున్నా వస్తే నబుకెన్య వచ్చే ఏడు మళ్ళీ రాసుకోవచ్చు. లుబ్వామాకి మాత్రం అక్కడితో సరి.

"ఉన్నదున్నట్టు చెబుదాం పిల్లా. నా సంగతి వదిలెయ్," అని నిన్న ఆయనే పెద్ద మనసుతో అన్నాడు. ఆ మాట అన్నందుకు రాత్రంతా తననే తిట్టుకున్నాడు.

పదింటికి నబుకెన్య లోపలికి వెళ్ళింది. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని, వద్దు వద్దనుకుంటూనే మనసులో గడులు గీసుకున్నాడు. ఆమె తనమీద చెప్తే? తను నోరు మూసుకుంటే? ఎలా తిప్పినా నోరు మూసుకున్నవాడికే నష్టం కనిపిస్తోంది. పుస్తకమూ అదే అంటుంది కదా.

తలుపు తెరుచుకుంది. నబుకెన్య వచ్చి ఆయన ముందు నేలమీద రెండు మోకాళ్ళూ ఆన్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తల ఎత్తలేదు.

"వెళ్తాను బాబాయ్."

ఆడపిల్ల పెద్దవాళ్ళకి మోకరిల్లడం వాళ్ళలో మామూలే. కానీ ఈ పిల్ల నాలుగేళ్ళలో ఆయనకి ఒక్కసారీ మోకరిల్లలేదు. "ముందు నువ్వు పెద్దమనిషివి అవ్వు, అప్పుడు చూద్దాం" అని ఏడిపించేది. ఎప్పుడూ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడే మనిషి ఈవేళ నేల చూపులు చూస్తోంది. అమ్మ దొంగా! నా మీద చెప్పేసి వచ్చి క్షమించమంటున్నావా? ఆయన మొహం తిప్పేసుకున్నాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది.

లోపల తుముసీమే కాగితం ముందుకు జరిపాడు. "చెప్పండి లుబ్వామా గారూ."

"ఆమే నాది చూసి రాసింది," అన్నాడు లుబ్వామా. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

తుముసీమే దాన్ని చదివి, దాని పక్కన ఇంకో కాగితం పెట్టాడు. నబుకెన్య గుండ్రటి అక్షరాలు. 'లుబ్వామా గారి కాగితం ఆయనకి తెలియకుండా చూసి రాశాను. తప్పు నాది. ఆయన మార్కులు ఆపవద్దు.'

లుబ్వామా దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. అర్థమయ్యాక దాని మీదికి చెయ్యి చాపాడు.

"అబద్ధం సార్! ఇద్దరివీ అబద్ధాలే. కలిసే చేశాం. ఆ కాగితం ఇలా ఇవ్వండి, మీకు దండం పెడతాను."

"ఆవిడ ఒప్పుకుంది. మీరూ అదే చెప్పారు. ఇద్దరి మాటా కలిసింది, ఇక తగువేముంది?" తుముసీమే రెండు కాగితాలూ కలిపి గుండుసూది గుచ్చాడు. "మీరిలా నేరం మోపకపోతే ఆవిడ మాట నిజమో కాదో తేల్చడానికి మళ్ళీ పిలిచేవాణ్ణి. పాఠం బాగానే వంటబట్టింది మీకు."

లుబ్వామా బూట్లు టపటపలాడించుకుంటూ లైబ్రరీకి పరుగెత్తాడు. అరల మధ్య లేదు. గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగితే, "ఇందాకే మసాకా వెళ్ళే టాక్సీ ఎక్కింది. ఊరికి పోతున్నానంది. ఏడుస్తోందేమో, మొహం సరిగా చూడలేదు," అన్నాడు.

తిరిగొచ్చి పుస్తకాల బండి పక్కన నిలబడ్డాడు. ఇక ఆయనకి డిగ్రీ వస్తుంది, కుర్చీ వస్తుంది. ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. నంబరు చదివేవాళ్ళు లేరు. ఆయనే చూసుకుని, చదవకుండానే దాన్ని మళ్ళీ బండిలో పెట్టేశాడు.

మూల మేకుకి నబుకెన్య పనిలో వేసుకునే నీలం కోటు వేలాడుతోంది. మగవాళ్ళ కొలతకి కుట్టిన దాని చేతులు, ఆమె మోచేతుల దాకా మడుచుకున్నవి, ఇంకా అలాగే మడిచి ఉన్నాయి.