హెచ్‌ఆర్ వేషం

కౌశిక్‌కి డిగ్రీ ఇంకా చేతికి రాలేదు. రంగస్థల కళల్లో ఎమ్మే, ఆఖరి సెమిస్టరు. పరీక్షలు ఇరవై రోజులున్నాయనగా బందరులో ఇంటికొచ్చి ఉద్యోగాల వేటలో పడ్డాడు. స్కూల్లో డ్రామా మాస్టరా, పెళ్ళిళ్ళలో యాంకరా, ఏది కనబడితే దానికి బయోడేటా పంపేయడమే! ఐదు చోట్లకి పిలిచారు. ఐదుగురూ "మీ గురించి చెప్పండి" అన్నారు. రెండేళ్ళుగా ముసలి రాజుగా, పిచ్చివాడిగా, పోలీసుగా మాట్లాడిన మనిషి. తన గురించి చెప్పమంటే నోరు పెగల్లేదు పాపం.

ఆరోచోట ఆ బెడద లేదు. గుడివాడ దగ్గర్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడ ప్లేస్‌మెంట్లు చూసే సుందరరాజుగారు అతన్ని ఎగాదిగా చూసి, "మా పిల్లలకి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టాలయ్యా. నువ్వు హైదరాబాదు కంపెనీ నుంచొచ్చిన హెచ్‌ఆర్‌వి, పేరు అభినవ్. ఉత్తుత్తివని తెలిస్తే ఒక్కడూ ఒళ్ళు దగ్గర పెట్టుకోడు. సోమవారం నేనే చెప్తాను, అందాకా గుట్టు బయటపడకూడదు. ఇది సవ్యంగా జరిగిందా, జూన్ నుంచి నువ్వే మా ట్రైనరువి. పర్మనెంటు!" అన్నారు. చివర్లో అందరితో "కబురు చేస్తాం" అని మాత్రమే అనమన్నారు.

పర్మనెంటు అన్న మాటకి వాళ్ళమ్మ కామేశ్వరి ఆ పూటే పాయసం కాచింది. మావయ్య కోటు, నాటకాల పెట్టెలోని ఉత్తి అద్దాల కళ్ళజోడు, వేషం భలే కుదిరింది. తనని ఐదుగురు పెట్టిన చిత్రహింసలన్నీ ఒక్కటీ వదలకుండా ఆ పిల్లల్నీ పెట్టాడు మహానుభావుడు.

శుక్రవారం ఆఖరున రజని అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. మీ గురించి చెప్పండి అన్నాడు.

"అవనిగడ్డ నుంచి మూడు బస్సులు మారి వస్తానండి. నాలుగేళ్ళలో పొద్దుటి మొదటి పీరియడు ఒక్కసారే పోయింది, అదీ తుఫానుకి. ఫస్టియర్లో ప్రోగ్రామింగ్ తప్పాను. సెకండియర్లో అదే జూనియర్లకి చెప్పాను. ఇంతేనండి నేను."

కౌశిక్ కుర్చీలో ముందుకి జరిగాడు. ఇంత తేలిగ్గా చెప్పెయ్యొచ్చా? వేషంలో ఉన్నవాడు వేషం వదలకూడదని రెండేళ్ళు నూరిపోశారు మరి. లేచి చెయ్యి చాపి, "చాలా బాగా చెప్పారు. మా కంపెనీలోకి స్వాగతం," అనేశాడు. ఎవరూ రాసివ్వని డైలాగు! ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బస్సెక్కాక గానీ భయం వెయ్యలేదు. పామర్రులో దిగి బందరు బస్సు కోసం నిలబడ్డాడు. వెనకనుంచి "సార్!" అని పిలుపు. రజనే.

"మీరూ బస్సేనాండీ? సార్, మా ఊళ్ళో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారండి. ఆరింటికల్లా చెప్పమన్నారు. ఇప్పుడే వద్దని చెప్పేస్తున్నా." ఫోను చెవి దగ్గర పెట్టేసుకుంది.

కౌశిక్‌కి ఏం పాలుపోలేదు. చెప్తే జూను పోతుంది, పర్మనెంటు పోతుంది, అమ్మ పాయసం దండగ. చెప్పకపోతే? సోమవారం ఎలాగూ తెలుస్తుంది కదా అనుకున్నాడు. సోమవారానికి ఈ పిల్లకి ఆ మేత కంపెనీ ఉంటుందా?

"ఆగండి, ఆగండి! కంపెనీ లేదండీ. నేను హెచ్‌ఆర్‌ని కాను. అదంతా వేషం."

రజని ఫోను దించింది. "మరి బాగా చెప్పానన్నారే, అదీ వేషమేనా?"

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అది కాదండీ. అది నేనే అన్నాను."

ఆ అమ్మాయి మొహంలో కోపమో ఏడుపో అతనికి అర్థం కాలేదు. ఫోన్లో మాత్రం, "పరీక్షలవగానే వస్తానండీ," అని చెప్పింది. తర్వాత ఇటు తిరిగి, "మా క్లాసువాళ్ళంతా మీ కబురు కోసం కాచుక్కూచున్నారు. వాళ్ళకి చెప్పకుండా ఉండలేనండి," అంది.

"చెప్పండి," అన్నాడు కౌశిక్. కోటు విప్పేశాడు.

అవనిగడ్డ బస్సొచ్చింది. రజని ఎక్కి కిటికీ పక్కన కూర్చుని తల బయటపెట్టింది.

"ఇంతకీ మీరెవరండీ?"

ఎప్పట్లాగే నోరు పెగల్లేదు. బస్సు కదిలింది. మావయ్య కోటు చంకలో పెట్టుకుని పక్కనే నాలుగడుగులు పరిగెత్తాడు.

"కౌశిక్ అండీ! బందరు! నాటకాలేస్తాను!" అని అరిచాడు. స్టాండులో జనమంతా అటే చూశారు.