ముగ్గురమ్మాయిల పాట

పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే నాకు తెలియకుండానే పాట కూనిరాగంగా బయటికొచ్చింది. హాల్లోంచి అత్తగారు అననే అన్నారు. "పొద్దున్నే ఆ ప్రేమ పాటలేంటమ్మా? పక్కవాటా వాళ్లు వింటే ఏమనుకుంటారు?"

అది నా ఉద్యోగం అత్తయ్యగారూ అని ఎన్నిసార్లు చెప్పను? అమీర్‌పేటలో కాల్‌సెంటర్లలో చేరబోయే పిల్లలకు ఇంగ్లీషు యాస నేర్పుతాను. మన నాలుక ప్రతి ఇంగ్లీషు మాట చివరా ఓ అచ్చు తగిలిస్తుంది. అది మాన్పించడానికి, అరవైల్లో అమెరికాలో ముగ్గురమ్మాయిలు కలిసి పాడిన పాటొకటి పెడతాను. నన్ను విడిచి వెళ్లవు కదా అని ఒకమ్మాయి ప్రేమించినవాణ్ణి అడుగుతూ ఉంటుంది, మిగతా ఇద్దరూ వెనకనుంచి వంత పాడతారు. నా భర్త కేదార్‌కి ఇది ఉద్యోగంలా కనిపించదు. "ఇంట్లో ఊసుపోక వెళ్తోంది" అని స్నేహితులకు నా ముందే చెబుతాడు. నేను నవ్వుతూ కాఫీలు అందిస్తాను. ఆ నవ్వంటే నాకే అసహ్యం.

ఆ సోమవారం క్లాసుకి ముందు ఓనరు అచ్యుతరావుగారు పిలిచారు. "పంజాగుట్టలో కొత్త బ్రాంచి మీకే అప్పజెబుదామనుకున్నాను రాగసుధగారూ. మీవారు కుదరదన్నారుగా, పోన్లెండి."

నాకు సెల్‌ఫోన్ లేదు. ఇంటి ఫోనైతే అత్తగారు తీస్తారని, చేరినప్పుడు కేదార్ నంబరే ఇచ్చాను. అచ్యుతరావుగారు శుక్రవారం ఆ నంబరుకే ఫోన్ చేశారట. కేదార్ శని, ఆదివారాలు ఇంట్లోనే ఉండి, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాడు, చొక్కా గుండీ ఊడిందని చెప్పాడు. ఇది మాత్రం చెప్పలేదు.

క్లాసులో పాట పెట్టాను. ఈసారి నేను పాడకుండా పిల్లల్నే పాడమన్నాను. అయ్యాక యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఫిర్దౌస్ చెయ్యెత్తింది.

"మేడమ్, గీ పిల్ల ఎంతసేపు అడుగుతది? గాడు ఒక్క మాట సుత మాట్లాడడేంది?"

అందరూ నవ్వారు. ఇన్నాళ్లూ ఆ పాటలో అచ్చులూ హల్లులూ తప్ప నేనేమీ వినలేదు. పుట్టింటికి వెళ్లనా, చీర కొనుక్కోనా, క్లాసుకి వెళ్లనా అంటూ పెళ్లైనప్పటి నుంచీ నేనూ అడుగుతూనే ఉన్నాను. ఏడుపొచ్చింది. బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

క్లాసయ్యాక అచ్యుతరావుగారి గదికి వెళ్లాను. "బ్రాంచి నేను తీసుకుంటాను సార్."

ఆయన ఇబ్బందిగా కదిలారు. "సంతోషమేనమ్మా. కానీ మీవారిని ఓసారి అడిగి..."

ఇవాళ ఇల్లెలా ఉంటుందో నాకు తెలుసు. అత్తగారు అన్నం ముట్టరు. కేదార్ మాట్లాడడు, వారమో, నెలో. సంతోషం రవ్వంతైనా లేదు.

"చెప్తాను సార్" అన్నాను. "అడగను."