ఇన్సాఫ్ టీచరు తర్జుమా

ఈజిప్టులోని మిన్యా స్టేషన్లో రైలు ఆగీ ఆగకముందే ప్రూయిట్ దొర తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ చాపాడు, ప్లాట్‌ఫారం మీది జనమంతా తన కోసమే వచ్చినట్టు. వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. దొర రైలు దిగి, నవ్వు ముఖం నిండా పులుముకుని, తిన్నగా వెళ్ళి ఎవరో ఒకావిడ చేతులు పట్టుకున్నాడు.

"మరియమ్! నువ్వేం మారలేదు!" అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ అస్యూత్ వెళ్ళే బండి కోసం నిలబడి ఉంది. "ఎవరమ్మా ఈ ముసలాయన? నా పేరు సబాహ్. చేతులు వదలమను తల్లీ, మా ఆయన చూస్తున్నాడు" అంది అరబ్బీలో, దొరను ఎదుర్కోవడానికి వచ్చిన ఇన్సాఫ్ టీచరుతో.

"ఏమంటోంది?" అన్నాడు దొర.

"మీరు రావడం సంతోషమంటోంది" అంది ఇన్సాఫ్. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. దొర ఊరు విడిచి ఇరవై రెండేళ్ళయినా నాలుక పాత అలవాటు మరవలేదు.

అంతకుముందు పద్నాలుగేళ్ళు దొర ఈ ఊళ్ళో సువార్త చెప్పాడు. ఆ పద్నాలుగేళ్ళూ ఆయన నోరు ఇన్సాఫే. దొరకు అరబ్బీలో వచ్చింది నాలుగు పలకరింపులూ, ఒక ప్రార్థన. బాలికల బడిలో ఇంగ్లీషు చెప్పే ఇన్సాఫ్ ఆదివారాలు వేదిక మీద పక్కన నిలబడి, ఆయన ఒక మాట అనగానే తానొక మాట అనేది. రెండూ ఒకటే మాట అని ఊరు నమ్మింది. దొర "మీరు బద్ధకస్తులు" అంటే ఆమె "మీరు అలసిపోయారని నాకు తెలుసు" అనేది. దొర "ఈ వాసన భరించలేను" అంటే "మీ కష్టం చూడలేను" అనేది. అలా ఆమె నోటితో పుట్టిన ఒక మంచి మనిషిని జనం ప్రేమించారు. ఆయన ఓడెక్కిన రోజున పాతిక ఇళ్ళలో ఏడ్చారు.

ఇప్పుడు చర్చిని చూసుకుంటున్న నషీద్ పాస్టరుకు ఆనాడు ఎనిమిదేళ్ళు. దొర వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ కాలు నిలవలేదు. హాలుకు సున్నం వేయించాడు. ఉమ్ ఫిక్రీ అనే ముసలావిడ తెల్లవారుజాము నుంచి కూర్చుని ఇరవై పావురాల కడుపుల్లో గోధుమ రవ్వ కూరి వండింది. దొర పళ్ళెం వంక చూసి, జేబులోంచి సొంత బిస్కెట్ల పొట్లం తీశాడు.

"ఇక్కడి తిండి సంగతి నాకు తెలుసు. ఆవిడ చేతులు కడుక్కుని ఉండదు" అన్నాడు.

"ఏమంటున్నాడు దొర?" అని ఉమ్ ఫిక్రీ ఆశగా అడిగింది.

"ఇవాళ ఉపవాసమట."

"అయ్యో, ఈ వయసులో కూడానా! ఎంత భక్తో!" అని ముసలిది శిలువ గుర్తు వేసుకుంది. ఇన్సాఫ్ ఎదురుగా మీసానికి బిస్కెట్ పొడి అంటించుకుని కూర్చున్న మనిషిని చూసింది. ఇంతేనా? ఈపాటి మనిషి కోసమా తన వయసంతా నాలుకను అటూ ఇటూ తిప్పింది?

అప్పుడే జరీఫ్ వచ్చాడు. సందు చివర చెప్పులు కుట్టే దుకాణం అతనిది. అరవై ఎనిమిదేళ్ళు. దొర కోసం కొత్త బూట్లు కుట్టి తెచ్చాడు, పాత కొలత గుర్తుపెట్టుకుని. దొర ముందు నిలబడి, ముందే అనుకున్న మాటల్లా తడబడకుండా చెప్పాడు.

"దొరా, మా సమీహా పోయిన రోజున మీరు ఏడ్చారు. మీ కారు పాడై ఉండకపోతే మీరే ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. అది నేను మరిచిపోలేదు. ఏ రోజూ మరిచిపోలేదు."

ఇన్సాఫ్ ఈసారి ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పింది.

"సమీహా ఎవరు?" అన్నాడు దొర. కాస్త ఆలోచించి నవ్వాడు. "నా కారా? పద్నాలుగేళ్ళలో ఒక్కరోజూ చెడిపోలేదు. గట్టి బండి అది." బూట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు సరిపోతాయంటావా?"

జరీఫ్ భార్య సమీహా పోయింది ఒక ఆగస్టు మధ్యాహ్నం. సమీహాకు నెలలు నిండాయి, రక్తం ఆగలేదు. జరీఫ్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి దొర గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్సాఫ్ లోపలికి వెళ్ళి చెప్పింది. దొర ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాడు. కలం ఆపలేదు. "కారు ఒకడికిస్తే రేపు అందరూ వచ్చి నిలబడతారు. ప్రార్థిస్తానని చెప్పు" అన్నాడు. ఇన్సాఫ్ గేటు దగ్గరికొచ్చి, కారు పాడైందనీ, దొర లోపల కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడనీ చెప్పింది. జరీఫ్ భార్యను గాడిద బండి మీద తీసుకెళ్ళాడు. వంతెన దాటేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. పేదవాడి విశ్వాసం చెదరకూడదని అలా చెప్పానని ఇన్సాఫ్ చాలాకాలం అనుకుంది. దొర పక్కన తన చోటు చెదరకూడదని చెప్పానని తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

నాలుగింటికి హాలు నిండింది. దొర వెంట వచ్చినతను కెమెరా నిలబెట్టాడు. దొర కొత్త బూట్లు వేసుకుని, తన దేశంలో చర్చి చర్చికీ తిరిగి చదివే కాగితం తీశాడు.

"నేను వచ్చేసరికి ఈ మనుషులకు సబ్బంటే తెలియదు" అని మొదలుపెట్టాడు.

ఇన్సాఫ్ గుక్క తిప్పుకుంది. "నేను వచ్చేసరికి మీకు సబ్బంటే తెలియదు" అంది అరబ్బీలో, గట్టిగా, వెనక బెంచీకి కూడా వినబడేలా.

హాలు కదిలింది. దొర సాగిపోయాడు. "పశువుల్లా బతికేవాళ్ళు."

"పశువుల్లా బతికేవాళ్ళు" అంది ఇన్సాఫ్.

నషీద్ పాస్టరు వెనక నుంచి వంగి, "టీచర్, కాస్త మెత్తగా చెప్పండి" అని గుసగుసలాడాడు.

"మెత్తగా చెప్పే ఇంత చేశాను నాయనా. కూర్చో."

దొర ముందు వరుసలోకి వేలు చూపించాడు. "ఇదిగో ఈ చెప్పులు కుట్టేవాడు. తాగి, పెళ్ళాన్ని కొట్టి, కాలవలో పడి ఉంటే నేనే చేయిపట్టి లేవదీశాను."

అది కూడా చెప్పింది. ఉమ్ ఫిక్రీ లేచి నిలబడింది. "ఎవడు, మా జరీఫా? తాగడమా? టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువైతే తూలతాడే వీడు! సమీహాను కొట్టాడా? అది వీణ్ణి కొట్టేది!"

కొందరు నవ్వారు. కొందరు ఏదో గొణిగారు. వెనక నుంచి ఎవరో, "వెళ్ళి సబ్బు తెమ్మను, ఆయన నోరు కడుగుదాం" అన్నారు. దొరకు ఆ గోలంతా ఎంతో బాగుంది. కళ్ళు మూసుకుని, "ఆత్మ మీ మధ్య కదులుతోంది" అన్నాడు.

"ఆత్మ మీ మధ్య కదులుతోందట" అంది ఇన్సాఫ్.

అప్పుడు జరీఫ్ లేచాడు. నవ్వులు ఆగాయి.

"టీచరమ్మా, ఆయన్ను ఒకటి అడుగు. ఆ రోజు కారు..."

ఆమె దొర వైపు తిరగలేదు. "కారు బాగానే ఉంది జరీఫ్ అన్నా. ఆయన ఇవ్వనన్నాడు. ఏడవలేదు కూడా. పాడైందన్నదీ ఏడ్చాడన్నదీ నేను."

"ఏమంటున్నాడు? సాక్ష్యం చెబుతున్నాడా?" అని దొర తొందరపడ్డాడు. కెమెరా వైపు తల ఊపాడు.

జరీఫ్ నడిచి వేదిక దగ్గరికొచ్చాడు. దొర కౌగిలించుకుందామని చేతులు చాపాడు. జరీఫ్ ఆ చేతుల పక్కనుంచి వచ్చి ఇన్సాఫ్ ముందు నిలబడ్డాడు.

"వాడు పరాయివాడు. మా పేర్లే తెలీవు వాడికి. నువ్వు మా వీధిదానివి ఇన్సాఫ్." గొంతు పెంచలేదు. "గేటు దగ్గర నిజం చెప్పుంటే, పక్కనే మిల్లు యజమాని ఇంటికి పరుగెత్తేవాణ్ణి. వాడికీ కారుండేది. దొర ఏడుస్తున్నాడన్నావు. నేను అక్కడే నిలబడి ఆయన్ను ఓదార్చమని నీకు చెప్పాను."

అతను వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే లేచారు. ఉమ్ ఫిక్రీ పోతూ పోతూ, "మరి ఆ ఉపవాసం?" అని అడిగింది. ఇన్సాఫ్ తల అడ్డంగా ఊపింది. "థూ" అంది ముసలిది. అది ఎవరినో చెప్పలేదు.

దొర సాయంత్రం రైలెక్కాడు, కొత్త బూట్లతోనే. "మన చివరి సభే గొప్ప సభ ఇన్సాఫ్" అన్నాడు కిటికీలోంచి. అర్థం కాకపోవడమే ఆ మనిషి సుఖం. రెండు నెలలకు నషీద్‌కు దొర నుంచి ఉత్తరం వచ్చింది. లోపల జరీఫ్ ఫోటో, దాని కింద "మారిన తాగుబోతు" అని. నషీద్ దాన్ని ఇన్సాఫ్ ఎదుటే చింపాడు.

సభ జరిగిన మూడో రోజున ఆమె జరీఫ్ దుకాణానికి వెళ్ళింది. అతను తలెత్తలేదు. స్టూలు మీది తోలు ముక్కలు తీయలేదు.

"కూర్చోకు. నిలబడే చెప్పు. ఆ రోజు దొర అన్నది అన్నట్టు చెప్పు."

చెప్పింది. కలం ఆపకపోవడం కూడా చెప్పింది. జరీఫ్ మేకులు నోట్లో పెట్టుకుని మడమ కొడుతున్నాడు. అంతా విన్నాక మేకులు చేతిలోకి ఉమ్మాడు.

"ఇంకా ఎవరెవరికి ఏమేం మార్చి చెప్పావు?"

"చాలామందికి."

"బతికున్నవాళ్ళున్నారా?"

"ఉన్నారు."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? పో, వాళ్ళ దగ్గరికి పో."

ఆమె పోయింది. చలికాలమంతా తిరిగింది. చేపల సందులో ఒకాయన అసలు మాట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. దొర వద్దన్నందుకే పెళ్ళి ఆగిపోయిన వెదీదా తలుపు ముఖం మీద వేసింది. మరునాడు మళ్ళీ వెళ్ళి తలుపు కొడితే, లోపలి నుంచే, "అక్కడ నిలబడే చెప్పు, వింటాను" అంది. ఇన్సాఫ్ తలుపుకు నోరు ఆనించి, దొర ఏమన్నాడో ఉన్నదున్నట్టు మొదలుపెట్టింది.