లీటరుకు పద్నాలుగు

మూడో ఆదివారం బంకులో ట్యాంకు నిండగానే ఆమె నోటుపుస్తకం తీసి భాగహారం చేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. వారంలో తిరిగింది రెండు వందల పది కిలోమీటర్లు. ఇప్పుడు పట్టిన డీజిలు పదిహేను లీటర్లు. అంటే లీటరుకు పద్నాలుగు! రెండు టన్నుల ఇనుము, కొండల్లోనూ బురదలోనూ తిరగడానికి చేసిన జీపు, అందులోనూ పన్నెండేళ్ల పాతది, లీటరుకు పద్నాలుగు ఇస్తుందట. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు?

"ఎంతొచ్చింది?" స్టీరింగు ముందున్న భర్త అడిగాడు.

"పద్నాలుగు."

"చూశావా మరి!" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్లు మండింది. ఏడాదిగా ఆ మొహం మీద కనిపించని నవ్వు వారం రోజులుగా ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

"బండి బంగారం, అమ్మాయ్," వెనక సీట్లోంచి అత్తగారు అందుకుంది. "ఊయల్లో కూర్చున్నట్టుంది నాకు."

ఊయల! స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ముగ్గురి తలలూ పైకప్పును పలకరించి వస్తున్నాయి. కిటికీలు మూసినా గాలి హోరు ఆగదు, పక్కనే కూర్చున్న మనిషితో గొంతు చించుకుని మాట్లాడాలి. ఎక్కాలంటే పెద్దావిడకు కింద స్టూలు వేయాలి. దాన్ని పట్టుకుని ఊయలంటుందేమిటి ఈవిడ? తల్లీ కొడుకూ కూడబలుక్కున్నారా ఏమిటి?

ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పద్నాలుగేళ్లుగా పరుల రక్తం, పరుల షుగరు చూసి చూసి ఆమెకు ఒకటి బాగా వంటబట్టింది. రిపోర్టు మరీ బాగుంటే ముందు మిషన్ని అనుమానించాలి, తర్వాత శాంపిలు తెచ్చినవాణ్ణి. పెళ్లయిన కొత్తలో భర్త ముద్దుగా "మైక్రోస్కోపూ" అని పిలిచేవాడు. ఏడాదిగా ఆ పిలుపు లేదు. ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు.

ఆయన లిఫ్టు మెకానిక్. పోయినేడాది ఒక రోజు ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కుంది. "కంపెనీకి ఫోన్ చేయండి, మావారు వస్తారు," అందామె కాస్త గర్వంగానే. లిఫ్టు దగ్గర కూర్చునే ముసలాయన ఆమెను వింతగా చూశాడు. "ఆ కంపెనీ మూతపడి రెండు నెలలైంది కదమ్మా?" అన్నాడు. చుట్టూ ఆరుగురు ఉన్నారు. ఆ రెండు నెలలూ ఆయన రోజూ పొద్దున క్యారేజీ పట్టుకుని బయల్దేరాడు. లైబ్రరీలో కూర్చుని పేపర్లు చదివి, సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ పని బాగా అయింది," అని చెప్పాడు.

"ఉద్యోగం పోయినందుకు కాదు," అందామె ఆ రాత్రి. "నా మొహంలోకి చూసి చెప్పారు చూడండి, అందుకు. ఇంకొక్క అబద్ధం నాకు దొరికిందా, నేను ఈ గడప దాటి వెళ్లిపోతా. ఊరికే అనడం లేదు." ఆమె ఊరికే ఏదీ అనదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

తర్వాత ఆయనకు వేరేచోట పని దొరికింది. కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు, సగం వేసిన రోడ్లు. అక్కడికి వెళ్లడానికి ఏదో ఒక బండి కావాలి. తెలిసిన గ్యారేజీ ఆయన ఈ జీపు చూపించి, "నెల రోజులు వాడండి, నచ్చితేనే తీసుకోండి," అన్నాడు. చిన్న కారు చాలునంది ఆమె. "రోజంతా లిఫ్టు గోతుల్లో దిగి గోడలు చూసేవాణ్ణి. ఇందులో కూర్చుంటే నాలుగు వీధుల అవతల దాకా కనిపిస్తోంది," అన్నాడాయన. ఆయన ఏదైనా అడిగి చాలాకాలమైంది. సరేనంది, కానీ షరతులు పెట్టింది. లీటరుకు కనీసం పది రావాలి. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లే అత్తగారి నడుము ఈ కుదుపులకు తట్టుకోవాలి. రెండింట్లో ఏది తప్పినా నెలాఖరుకు బండి వాపసు. ఆదివారం ఆదివారం ట్యాంకు నిండా పోయించడం, రోజూ పొద్దున్నే ఆమె కిందికి దిగి మీటరు రీడింగు రాసుకోవడం.

మొదటి వారం లీటరుకు ఎనిమిదిన్నర కూడా రాలేదు. "ఫెయిల్," అందామె. రెండో వారం పదిన్నర. ఇప్పుడేమో పద్నాలుగు. మొద్దబ్బాయి పదిహేను రోజుల్లో ఫస్టు క్లాసు తెచ్చుకుంటే మాస్టారికి ఏమనిపిస్తుంది? కాపీ కొట్టాడనే కదా!

మధ్యలో ఎవరో డీజిలు పోస్తున్నారు. ఎవరో ఏమిటి, ఆయనే. ఇంకెవరికి అవసరం? ఈపాటికి గ్యారేజీ ఆయనకు మాట కూడా ఇచ్చేసి ఉంటాడు.

సోమవారం ల్యాబులో శాంపిలు సీసాలకు సీలు వేసే కాగితం టేపు ముక్క ఒకటి పర్సులో వేసుకొచ్చింది. మర్నాడు పొద్దున రీడింగు రాసుకుంటూ దాన్ని డీజిలు మూతకు అడ్డంగా, పనిగట్టుకుని చూస్తే తప్ప కనపడనంత సన్నగా అతికించింది. బుధవారం పొద్దున చూస్తే టేపు చిరిగి ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగింది. "నిన్న ఎక్కడైనా డీజిలు కొట్టించారా?"

"లేదే," అన్నాడాయన ఆమె మొహంలోకే చూస్తూ. చూసి ఊరుకోక ముసిముసిగా నవ్వాడు కూడా.

దొరికింది. ఏడాదిగా దొరక్కూడదని కోరుకున్నదే దొరికింది. ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. పళ్లెం తీసుకుని లేచిపోయింది. తర్వాత గదిలోకి వెళ్లి, కుర్చీ వేసుకుని, బీరువా మీది పెట్టె దించింది. కుర్చీ మీద నిలబడ్డా ఆ పెట్టె ఆమెకు అందీ అందనట్టుండి, దించేటప్పుడు కాస్తలో తల మీద పడేది. "ఇప్పుడా పెట్టెందుకు?" అన్నాడాయన. "దుమ్ము పట్టింది," అందామె. తనూ అబద్ధమే చెప్పానన్న ఆలోచన ఆ క్షణంలో ఆమెకు రాలేదు.

కానీ ల్యాబు బుద్ధి ఎక్కడికి పోతుంది? చిరిగిన టేపు ఒక్కటి చాలదు, కళ్లారా చూడాలి. ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిని, గంటసేపు పడుకుని మళ్లీ పనికి వెళ్తాడు. శుక్రవారం ఆమె సగం రోజు సెలవు పెట్టి, ఇంటికి ఎదురుగా ఉన్న టైలరు షాపులో ఒక ప్యాంటు పొట్టి చేయించే నెపంతో కూర్చుంది. ఎంత పొట్టి చేయాలని టైలరు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వేరు వేరు కొలతలు చెప్పింది.

ఒకటిన్నరకు జీపు వచ్చింది. ఆయన దిగాడు, తాళం వేశాడు, మూత వైపు కన్నెత్తి అయినా చూడకుండా పైకి వెళ్లిపోయాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పప్పులో కాలేశానా అనుకుంటూండగా వీధి మొదట్లో, బంకు ఉన్న వైపునుంచి, కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచీ లాక్కుంటూ ఒక మనిషి వస్తూ కనిపించింది. నడుం మీద ఒక చెయ్యి, సంచీ మీద ఒక చెయ్యి. నాలుగడుగులకోసారి ఆగుతోంది.

అత్తగారు!

ఆవిడ అటూ ఇటూ చూసి, జీపు పక్కకు చేరి, కొంగు ముడిలోంచి జీపు తాళం తీసింది. సంచీలోంచి అయిదు లీటర్ల క్యాను, సగానికి కోసిన నీళ్ల సీసా తీసింది. సీసాను గరాటులా మూత దగ్గర పెట్టి, క్యాను ఎత్తబోయి, ఎత్తలేక, మోకాలి మీద ఆనించి, మళ్లీ ఎత్తింది. కోడలు ప్యాంటూ టైలర్నీ వదిలేసి రోడ్డు దాటింది.

"అత్తయ్యా!"

క్యాను ఒరిగి డీజిలు ఆవిడ చెప్పుల మీద పడింది. తేలు కుట్టిన దొంగలా ఆవిడ అలాగే నిలబడిపోయింది. కోడలు ముందు క్యాను చేతుల్లోకి తీసుకుంది. తీసుకుని, ఏం అడగాలో తోచక, అలవాటు కొద్దీ లెక్కే అడిగింది.

"ఎన్ని పోశారు ఇప్పటిదాకా?"

"ఆ ముందు వారం ఒకటి, పోయిన వారం రెండు. ఈ వారం ఇది రెండోది. బంకు వాడికి జనరేటరు కోసమని చెప్పా."

మనసులో లెక్క దానంతటదే కట్టుకుంది. పదిహేనూ పదీ ఇరవై అయిదు. రెండు వందల పదిని భాగిస్తే ఎనిమిది పాయింటు నాలుగు. జీపు మొదటినుంచీ నిజమే చెబుతోంది.

"ఆ నడుంతో ఇంత బరువు మోస్తారా? డాక్టరుగారేమన్నారు మొన్న?"

"నా నడుంకేం, రాయిలా..." అంటూ నిటారుగా నిలబడబోయి, "అమ్మో!" అని జీపు పట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఊయలా లేదు, పాడూ లేదు అమ్మాయ్. ఎక్కిన ప్రతిసారీ ప్రాణం పోయి వస్తోంది. కానీ మొదటి వారం నువ్వు ఫెయిల్ అన్నప్పుడు నువ్వు పుస్తకం చూశావు, నేను వాడి మొహం చూశాను. తర్వాత పది దాటిందో లేదో, ఎలా నవ్వుతున్నాడో! ఏడాదైంది వాడు అలా నవ్వి. ఈ ముదనష్టపు జీపు పోతే మళ్లీ ఆ మొహమే పెట్టుకుని కూర్చుంటాడు. వాడికి చెప్పకే, నీకు పుణ్యముంటుంది."

ఆమె ఏదో అనేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నిద్రమొహంతో ఆయన దిగి వచ్చాడు. జీపు, తెరిచి ఉన్న మూత, భార్య చేతుల్లో క్యాను, పక్కన తల్లి. అన్నీ చూసి పకపకా నవ్వాడు.

"అమ్మకి దొరికిపోయావన్నమాట!" అన్నాడు భార్యతో.

"ఏమిటి?"

"ఇంకా దాపరికం ఎందుకు? మెట్ల కింద క్యాను ఎప్పుడో చూశా. రోజూ పొద్దున్నే పుస్తకం పట్టుకుని దిగుతావు కదా, అప్పుడు పోస్తున్నావని తెలిసిపోయింది. మొన్న ఏమీ తెలియనట్టు డీజిలు కొట్టించారా అని అడిగావు చూడు, నవ్వాపుకోలేక చచ్చాను." నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "జీపు ఉంటే ఎంత, పోతే ఎంత! నా కోసం దొంగలెక్క రాస్తోందంటే నా మీద కోపం పోయిందని కదా. బయటపడితే ఎక్కడ మానేస్తావోనని నోరు మెదపలేదు."

ఆయన వెనకనుంచి అత్తగారు రెండు చేతులూ జోడించి, ఔనను, ఔనను, అన్నట్టు తల ఊపుతోంది.

ఔనంటే చాలు. ఒక్క చిన్న మాట. ఆ నవ్వు అలాగే ఉండిపోతుంది, జీవితాంతం ఉన్నా ఉంటుంది. ఆమెకు ఆ క్షణంలో అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేం. పోయినేడాది రోజూ సాయంత్రం ఈ మనిషికి ఎలా ఉండేదో కూడా అప్పుడే మొదటిసారి తెలిసింది.

"నేను కాదండీ," అంది. "అత్తయ్య. నేను మూతకి టేపు అతికించి, మీరే పోస్తున్నారని కాపలా కాశాను."

నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా పోయింది. "అవునా," అన్నాడు. తల్లి వైపు తిరిగాడు. "నువ్వా? ఆ నడుంతోనా? పిచ్చిదానివా అమ్మా నువ్వు?" అంటూ ఆవిడ చెయ్యి భుజం మీద వేసుకుని మెట్లెక్కించాడు. ఆమె క్యానూ గరాటూ పట్టుకుని వెనకాలే ఎక్కింది. జీవితంలో అంత సిగ్గు ఆమెకు ఎప్పుడూ వేయలేదు.

తల్లిని పడుకోబెట్టి గదిలోకి వచ్చిన ఆయనకు నేల మీద పెట్టె కనిపించింది. మూత తీసి ఉంది, నాలుగు చీరలు ఉన్నాయి.

"దుమ్ము కోసం కాదు కదా?" అన్నాడు.

"కాదు. వెళ్లిపోదామని."

"ఇప్పుడో?"

ఆమె చీరలు తీసి బీరువాలో పెట్టింది. పెట్టె మూసి ఆయన వైపు నెట్టింది. "పైన పెట్టండి. నాకు అందదు," అంది. ఆయన పెట్టె ఎత్తి, బీరువా మీద గోడవారకంటా తోశాడు.

ఆదివారం జీపు వాపసు ఇవ్వడానికి ఇద్దరే వెళ్లారు. నోటుపుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. అలవాటుగా ఆమె మెడ మీటరు వైపు సాగింది, అంతలోనే తిప్పేసుకుని రోడ్డు చూసింది. నిజమే, నాలుగు వీధుల అవతల దాకా కనిపిస్తోంది.

గ్యారేజీ ముందు ఇంజను ఆపి ఆయన మీటరు కేసి వంగాడు. "ఎనిమిది వందల యాభై రెండు తిరిగాం మొత్తం," అన్నాడు.

"నేనడగలేదుగా," అందామె.

"అడగలేదు కాబట్టే చెబుతున్నా, మైక్రోస్కోపూ," అన్నాడాయన.