ఈశ్వరి తీగ మీద వాలనిది

నేను ఒక వలను. చేపల వలను కాదు, సీతాకోకచిలుకలను పట్టే వలను. పోర్ట్ బ్లెయిర్ బజారులో ఒక దర్జీ దోమతెర గుడ్డను సంచిలా కుట్టి, ఇనుప కడియానికి తొడిగి, పొడవాటి బెత్తానికి బిగించాడు. దోమలను ఆపే గుడ్డకు ఇంత పాపం అంటుకుంటుందని అతనికేం తెలుసు?

నన్ను చేయించుకున్నది హైమవతి. అండమాన్ దీవుల అడవుల్లో ఎన్ని రకాల సీతాకోకచిలుకలున్నాయో తేల్చడానికి వచ్చిన పరిశోధకురాలు. ఆమెకు దారి చూపేవాడు పోలినాయుడు, అడవి కావలివాడు. వాళ్ల పెద్దలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వలస వచ్చారు. పెద్ద దీవిలో ఒక్క పూటకే నలభై రకాలు కనిపించేవి. పట్టి, గుర్తులు రాసుకుని వదిలేసేవారు. చిన్న దీవుల్లో ఏడెనిమిది దాటేవి కావు. మనుషులు చిత్రమైనవాళ్లు. నలభై ఉన్నచోట నింపాదిగా ఉంటారు, ఒక్కటే ఉన్నచోట వాళ్ల చేతులు ఆగవు.

అలాంటి ఒక చిన్న దీవిలో, ఈశ్వరి తీగ చుట్టూ ఒక ఆడ సీతాకోకచిలుక తిరుగుతోంది. నల్ల రెక్కల మీద నీలిపొడి. హైమవతి ఎరిగిన రకం కాదు. ఆమె నన్ను విసిరింది. అది నాలో చిక్కి కొట్టుకుంది.

“ఒగ్గీమ్మా,” అని వదిలేయమన్నాడు పోలినాయుడు. “గుడ్లెట్టడానికి సోటు సూసుకుంటంది.”

“నమూనా చూపించకపోతే ఎవరూ నమ్మరు నాయుడుగారూ. ఇంకా ఉంటాయిలెండి.”

నా గుడ్డ మీదుగానే దాని రొమ్మును రెండు వేళ్లతో నొక్కింది. కొట్టుకోవడం ఆగింది.

మరుసటి ఏడు వెళ్లారు. తీగ ఉంది, ఆ రకం ఒక్కటీ లేదు. పదకొండేళ్లు వరసగా వెళ్లారు. ఒక్కదాన్ని చంపినంత మాత్రాన జాతి పోదని ఆమెకు తెలుసు. అయినా అన్నం కలుపుకోబోతూ ఆ రెండు వేళ్లను చూసుకుని ఆగిపోయేది.

చివరిసారి వెళ్లేనాటికి పోలినాయుడి చూపు బాగా మసకబారింది. అయినా పడవెక్కాడు. తీగ దగ్గరకు రాగానే చెయ్యి చాచాడు.

“అదిగోనమ్మా, నీలంది! ఎయ్యి!”

అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. హైమవతి అతని ముఖం చూసింది. ఆ ఎండలోకే నన్ను విసిరింది.

“దొరికిందా?”

“దొరికింది నాయుడుగారూ.”

అతను నా గుడ్డకు చెవి ఆనించాడు. ముడతల ముఖం విప్పారింది.

“ఏలెట్టకమ్మా. ఈపాలికైనా ఒగ్గీ.”

ఆమె ఏడుపు వినిపించనీయకుండా నా మూతి విప్పి, తీగ వైపు పట్టుకుంది.

ఇప్పుడు నన్నొక మ్యూజియం గోడకు తగిలించారు. చూసేవాళ్లకు నేను ఖాళీ వలను. ఆ రోజు హైమవతికీ అంతే. కానీ ఆమె నన్ను విప్పే ముందు నా గుడ్డకు ఏదో తగిలింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. గాలేమో అనుకుందామంటే, అది తగిలింది లోపలి నుంచి.