గురప్ప గెలుచుకున్న వేపచెట్టు

గార్లదిన్నె పక్కపల్లెలో గురప్ప చేను, ఈరప్ప చేను ఆనుకొని ఉంటాయి. నడుమ ఒక గట్టు, గట్టు మీద వేపచెట్టు. ఒకే నేల, ఒకే వాన. అయినా 2001లో ఎర్ర గొంగళిపురుగు గురప్ప వేరుశనగను ఈనెలు మిగిల్చి ఊడ్చేసింది, ఈరప్పది మాత్రం పచ్చగా నిలిచింది. ఇక గురప్ప కడుపుమంట చెప్పాలా! తాను మూడుసార్లు మందు కొట్టాడు, ఆ మనిషి ఒక్కసారీ కొట్టలేదు. ఇదెక్కడి న్యాయమని కనబడినవాడినల్లా నిలదీశాడు. ఇంట్లోనైనా నెమ్మది ఉందా అంటే, భార్య మారెక్క పొద్దస్తమానం ఈరప్ప చేనునే మెచ్చుకునేది.

ఒకరోజు ఓర్వలేక గట్టు మీద కూర్చొని చూశాడు. చెట్టు నిండా గోరింకలు, పసులపోలిగాళ్ళనే నల్లపిట్టలు. కొమ్మ మీంచి దూకి ఈరప్ప చేలో పురుగును ముక్కున పట్టుకొని మళ్ళీ కొమ్మెక్కుతున్నాయి. గురప్ప చేనువైపు ఒక్కటీ తొంగి చూడలేదు. ఓహో, గుట్టు ఇదన్నమాట! చెట్టు ఎవరిదైతే పిట్టలు వాళ్ళవేనని తేల్చేసుకున్నాడు మహానుభావుడు. నీడకు పైరు గిడసబారుతోందని తన చేలోని రెండు చెట్లూ తానే కొట్టించిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

సర్వేయరును పిలిపించి గొలుసు వేయించాడు. చెట్టు మూరెడు ఇవతల, గురప్ప భూమిలోనే తేలింది. మీసం దువ్వుకుంటూ, ఈరప్ప మొహం మాడుతుందేమోనని ఆశగా చూశాడు. మాడలేదు.

"చెట్టు నీదేలే అన్నా. పిట్టల్ని ఏ గొలుసుతో కొలిపిస్తావు?" అన్నాడు ఈరప్ప.

వారం గడిచింది. పిట్టలు గురప్ప చెట్టు మీద కూర్చుంటున్నాయి, ఈరప్ప చేలో మేస్తున్నాయి. సొంత చెట్టు కింద నిలబడి ఆ వైభోగం చూస్తుంటే గురప్పకు ఏడుపొక్కటే తక్కువ. పిట్టలు కూడా ఆ ఇంటివే అయిపోయాయని సంగటి తెచ్చిన మారెక్క దగ్గర వాపోయాడు. ఆమె ఇక ఊరుకోలేదు.

"నువ్వు కొట్టిన మందుకు పురుగు సావలా, గోరింకలు సచ్చినాయి. ఈరప్ప పది సాళ్ళకొక జొన్న సాలు పిట్టలకని ఇడిసిపెట్టినాడు. మన చేన్లో వాటికేముండాది?"

ఆ చచ్చిన గోరింకలను ఎవరూ చూడకముందే ఏరి కంపలో విసిరేసింది గురప్పే. తన చేను చూసి అవి భయపడ్డాయని అప్పటిదాకా అతనికి తట్టలేదు. సిగ్గేసింది. ఆ ఏడంతా మళ్ళీ మందు డబ్బా భుజానికెత్తలేదు.

మరుసటేడు విత్తనం వేళకు, ఆ గడప ఎన్నడూ తొక్కని మనిషి ఈరప్ప ఇంటిముందు నిలబడి జొన్న విత్తనాలు అడిగాడు. ఈరప్ప లోపలికి పోయి చేటనిండా తెచ్చి, ఎన్ని సాళ్ళకు కావాలన్నాడు.

"నీవి పదికొకటి గదా," అన్నాడు గురప్ప తల ఎత్తకుండా. "నావి ఎనిమిదికొకటి. ఈసారి అవి నా చేన్లోనే దిగల్ల."